పదేళ్లు నిలిచే కారు ఏది? కంపెనీల పోలికపై తరచుగా అడిగే ప్రశ్నలు

కారు కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అనే. దానికి జవాబు ఉంది, కానీ అది సగం జవాబే. మిగతా సగం ఇంజన్‌లో, గేర్‌బాక్స్‌లో, తయారైన సంవత్సరంలో, మీరు రోజూ తిరిగే దారిలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బండి కొని ఎనిమిది పదేళ్లు ఉంచుకునేవాళ్ల కోసం ఈ జవాబులు. అమెరికాలో పాత కారు వెతుకుతున్న తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న చివర్లో ఉంది.

ముందు సూటిగా చెప్పండి, ఏ కంపెనీ తీసుకోవాలి?

పెట్రోల్, మాన్యువల్ గేరు చాలనుకుంటే మారుతి, టొయోటా, హోండా, హ్యుందాయ్‌లలో ఏది కొన్నా పదేళ్లకు పెద్దగా తేడా కనిపించదు. మారుతి 1.2 కె-సిరీస్, హ్యుందాయ్ 1.2 కప్పా, హోండా 1.2, 1.5 ఐ-వీటెక్, ఎటియోస్‌లో వచ్చిన టొయోటా 1.5 ఇంజన్లకు టర్బో లేదు, టైమింగ్ చైన్ ఉంది, ఇంజెక్షన్ పాత పద్ధతిలో ఇన్‌టేక్ పోర్ట్‌లోనే జరుగుతుంది. పాడవడానికి వాటిలో ఉన్న వస్తువులే తక్కువ. వేళకు ఆయిల్, కూలెంట్ మారిస్తే రెండు లక్షల కిలోమీటర్లు ఇంజన్ విప్పకుండా నడవడం వీటికి మామూలే.

పెద్ద డీజిల్ బండి కావాలంటే ఇన్నోవాకు ఇప్పటికీ సాటి లేదు. ఆటోమేటిక్, టర్బో పెట్రోల్, కొత్త డీజిల్ జోలికి వెళ్లారంటే మాత్రం కంపెనీ పేరు కన్నా ఆ బండిలో ఏం బిగించారన్నదే ముఖ్యం.

ఒకే కంపెనీలో ఒక బండి మంచిదని, ఇంకోటి వద్దని అంటారు. ఎలా కుదురుతుంది?

కంపెనీ అన్నది చాలా పెద్ద గంప. ఫోక్స్‌వ్యాగన్ పోలోనే తీసుకోండి. సాదా 1.2 పెట్రోల్ మాన్యువల్ పోలోకు ఇంజన్, గేర్‌బాక్స్ ఖర్చులు అరుదు. అదే పోలో జీటీ టీఎస్ఐ 1.2లో 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్, హైడ్రాలిక్ భాగం) పోతే బిల్లు లక్ష దాటవచ్చు. రెండింటి మీదా ఉన్నది ఒకే లోగో.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. బలెనో, గ్లాంజా ఒకే బండి. ఎర్టిగా, రూమియన్ ఒకే బండి. ఫ్రాంక్స్, టైజర్ కూడా అంతే. టొయోటా ముద్ర ఉందని గ్లాంజాలో ఇంజన్ మారిపోదు. మారేది వారంటీ, షోరూమ్‌లో అందే సేవ మాత్రమే. టాటా హ్యారియర్ డీజిల్ ఇంజన్ ఫియట్ మూలానిది, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ హ్యుందాయ్‌ది. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో, షెవర్లే సెయిల్‌లో ఒకేసారి నడిచింది.

అందుకే రెండు బండ్లను పోల్చేటప్పుడు ఇంజన్ పేరు, గేర్‌బాక్స్ రకం, తయారైన నెల, సంవత్సరం దగ్గర పెట్టుకోండి. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చి ఎన్నాళ్లయిందో కూడా చూడండి. కొత్తగా దిగిన మోడల్‌ను మొదటి ఏడాదిలో కొనకపోవడమే మేలు. సాఫ్ట్‌వేర్ లోపాలు, నీళ్లు కారే డోర్ రబ్బర్లు, కిచకిచలు సరిదిద్దుకోవడానికి ఏ కంపెనీకైనా అంత సమయం పడుతుంది.

అమెరికా, జర్మనీ సర్వేలు చూసి ఇక్కడ కొనవచ్చా?

సర్వే ఏం కొలుస్తుందో తెలుసుకుని చూస్తే పనికొస్తాయి. జె.డి. పవర్ అమెరికాలో మూడేళ్ల వయసున్న బండ్ల యజమానులను అడిగి, 100 బండ్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కిస్తుంది. బ్లూటూత్ కలవకపోవడం అందులో ఒక సమస్య, గేర్‌బాక్స్ పోవడం ఒక సమస్య. లెక్కలో రెండూ సమానం. జర్మనీలోని ట్యూఫ్ నివేదిక తప్పనిసరి తనిఖీలో బ్రేకులు, సస్పెన్షన్, లైట్లు, తుప్పు వంటి వాటిలో తేలిన లోపాలను బండి వయసు వారీగా చెబుతుంది. ఇంజన్ ఆయిల్ తాగుతోందా, ఏసీ పనిచేస్తోందా అన్నవి అందులో తెలియవు.

పైగా అక్కడ అమ్మే ఇంజన్లలో చాలావరకు ఇక్కడ లేవు. ఇక్కడి 45 డిగ్రీల ఎండ, స్పీడ్ బ్రేకర్లు, రెండో గేరు ట్రాఫిక్ అక్కడ చాలా చోట్ల లేవు. మనకు సర్వే కన్నా మంచి ఆధారం ఒకటుంది: మీరు కొనదలచిన ఇంజన్, గేర్‌బాక్స్ ఉన్న బండిని లక్ష కిలోమీటర్లు దాటించిన యజమానుల బిల్లులు. "బాగుందండి" అనే మాట కాదు, బిల్లులే అడగండి.

ట్యాక్సీలు నాలుగైదు లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి కదా, అవే కొంటే సరిపోదా?

ఇన్నోవా, ఎటియోస్, డిజైర్ ట్యాక్సీల్లో నిలిచాయంటే వాటి మూలభాగాలు గట్టివనే. ఆ సాక్ష్యాన్ని నమ్మవచ్చు. కానీ ట్యాక్సీ కిలోమీటరు, మీ కిలోమీటరు ఒకటి కావు. హైదరాబాద్ నుంచి విజయవాడకు రోజూ తిరిగే బండి ఇంజన్ దాదాపు ఎప్పుడూ పూర్తి వేడిలోనే ఉంటుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది, క్లచ్ పెద్దగా అరగదు. ఇంటి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకు తిరిగే బండి ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోతుంది. ఆయిల్ చెడుతుంది, బ్యాటరీ నిండదు, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందేనని బండితో వచ్చే పుస్తకాల్లో రాసేది ఇందుకే.

కొత్త డీజిల్ బండ్లు ఎందుకు ఇబ్బంది పెడుతున్నాయి?

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే కాలుష్య ప్రమాణం వచ్చింది. దానితో డీజిల్ కార్లకు డీపీఎఫ్ అనే మసి వడపోత తప్పనిసరి అయింది. మారుతి ఆ సమయానికే డీజిల్ మానేసింది. ఈ విషయం అర్థం చేసుకోకుండా బీఎస్6 డీజిల్ కొని నష్టపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

పొగలోని మసి డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. అది ఒక స్థాయికి చేరగానే కంప్యూటర్ అదనంగా డీజిల్ కొట్టి వడపోతను 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది, మసి కాలి బూడిదవుతుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. పూర్తవడానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది, బండి ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అది మొదలై, మీరు ఇంటికి చేరి తాళం తీసేస్తే మధ్యలో ఆగిపోతుంది. ఇలా నాలుగైదు సార్లు ఆగితే వడపోత నిండిపోతుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి. ఆయిల్ పలచబడింది, బేరింగులకు ముప్పు.

చేయాల్సింది ఇదీ. వారానికి ఒకసారైనా హైవే మీద నాలుగో గేరులో, 60 కి పైన వేగంతో, 20 నిమిషాలు ఆపకుండా నడపండి. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేగం మామూలు కంటే ఎక్కువగా ఉన్నా, రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా రీజనరేషన్ జరుగుతోందని అర్థం, అప్పుడు ఆపకండి. డీపీఎఫ్ దీపం వెలిగితే అదే రోజు హైవే ఎక్కండి. దీపంతో పాటు చెక్ ఇంజన్ కూడా వెలిగితే తిప్పడం మాని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి, అక్కడ కంప్యూటర్ పెట్టి శుభ్రం చేస్తారు. ఆయిల్ తక్కువ బూడిద మిగిల్చే సీ2 లేదా సీ3 తరగతిదై ఉండాలి, పుస్తకంలో ఏది రాసి ఉంటే అది. చవకని మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే ఆ బూడిద వడపోతలో శాశ్వతంగా ఉండిపోతుంది, దాన్ని ఏ వేడీ కాల్చలేదు.

నెలకు 1,500 కిలోమీటర్లు, అందులో సగమైనా హైవే లేకపోతే బీఎస్6 డీజిల్ కొనకండి. ఏ కంపెనీదైనా ఇదే మాట.

టైమింగ్ బెల్ట్, చైన్ గురించి ఎందుకంత పట్టింపు?

ఇంజన్‌లో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా కదిపేది ఈ బెల్టే, లేదా చైనే. బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పాలి. పాత బండ్లను ఈ ఒక్క కారణంతోనే తూకానికి అమ్మేసినవాళ్లున్నారు.

బెల్ట్ ఉన్నవి: రెనో డస్టర్ 1.5 డీజిల్, ఫోర్డ్ 1.5 డీజిల్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 టీడీఐ, వాటి 1.0 టీఎస్ఐ పెట్రోల్, హ్యారియర్, కంపాస్, హెక్టర్‌లలోని 2.0 డీజిల్, పాత ఇన్నోవా 2.5, పాత శాంట్రో, ఐ10 1.1. పాత ఇన్నోవాలో గడువు రాగానే మీటర్‌లో బెల్ట్ దీపం వెలుగుతుంది. కొందరు మెకానిక్‌లు బెల్ట్ మార్చకుండానే ఆ దీపాన్ని ఆర్పి అమ్మేస్తారు. దీపం లేదని నమ్మకండి, బిల్లు అడగండి. క్రిస్టాలోని 2.4 ఇంజన్‌కు చైన్ వచ్చింది.

బెల్ట్ మార్చేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, బెల్ట్‌తో తిరిగే వాటర్ పంప్ కూడా కలిపి మార్చాలి. డబ్బు మిగులుతుందని బెల్ట్ ఒక్కటే వేస్తే, ఏడాది తర్వాత పాత బేరింగ్ బిగుసుకుని కొత్త బెల్ట్‌ను తెంపుతుంది. గడువు పుస్తకంలో కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ ఉంటుంది, ఏది ముందొస్తే అదే లెక్క. మన ఎండకు రబ్బరు త్వరగా పగుళ్లు తీస్తుంది కాబట్టి తక్కువ తిరిగిన బండికి ఏళ్ల లెక్కే పాటించండి.

చైన్ ఉంటే గొడవ లేదనుకోవడమూ తప్పే. చైన్ టెన్షనర్‌ను బిగించి ఉంచేది ఇంజన్ ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ మార్చడం ఆలస్యమైతే చైన్ సాగుతుంది. 1.3 మల్టీజెట్‌లో పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు క్షణాలు గొలుసు గలగల వినిపిస్తే అది చైన్ కిట్ మార్చాల్సిన సూచన.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ శక్తిని క్లచ్ బదులు ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది. 2022 దాకా వచ్చిన క్రిస్టా డీజిల్ ఆటోమేటిక్, క్రెటా డీజిల్, ఎక్స్‌యూవీ700, హ్యారియర్, 2022 తర్వాతి బ్రెజా, ఎర్టిగాలలో ఉన్నది ఇదే. "జీవితాంతం ఆయిల్ మార్చక్కర్లేదు" అనే షోరూమ్ మాట నమ్మవద్దు. పదేళ్లు కావాలంటే 60,000 నుంచి 80,000 మధ్య ఒకసారి, ఆ గేర్‌బాక్స్‌కు చెప్పిన ఆయిలే వేయించండి.

తర్వాతిది హోండా సీవీటీ, గేర్ల బదులు బెల్ట్, పుల్లీలతో నడిచేది. ఆయిల్ విషయంలో మొండిది. హెచ్‌సీఎఫ్-2 తప్ప వేరేది పోయకూడదు. 40,000 కిలోమీటర్లకోసారి మారుస్తూ, ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా తొక్కి ఉరికించకుండా నడిపితే చాలాకాలం వస్తుంది.

ఏఎంటీ అసలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేరును ఒక యంత్రం కదుపుతుంది. 2014లో సెలెరియోతో మొదలై చాలా చిన్న కార్లలోకి పాకింది. దీన్ని పాడుచేసేది వాడే తీరు: తిరుమల ఘాట్‌లోనో, ఫ్లైఓవర్ ఎక్కే చోటనో బ్రేక్ వదిలి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం. క్లచ్ ప్లేట్ అక్కడే కాలిపోతుంది. ఎత్తులో బ్రేకే తొక్కి ఉంచండి, రెండు నిమిషాలకు మించి ఆగితే న్యూట్రల్ వేయండి. మంచి విషయం, ఏది పోయినా బయటి షెడ్డులో బాగుచేయగలరు.

డ్రై క్లచ్ డీసీటీ (రెండు పొడి క్లచ్‌ల గేర్‌బాక్స్) మన ఊళ్ల ట్రాఫిక్‌కు పుట్టినది కాదు. పైన చెప్పిన 7 గేర్ల డీఎస్‌జీ, హ్యుందాయ్, కియాల 7 గేర్ల డీసీటీ, ఫోర్డ్ పాత పవర్‌షిఫ్ట్ ఈ కోవలోవి. క్లచ్‌లను చల్లబరిచే ఆయిల్ లేదు, అంగుళం అంగుళం పాకినప్పుడు వేడెక్కుతాయి. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ ఉన్న పాత ఫిగో, ఎకోస్పోర్ట్ ఎంత చవకగా వచ్చినా వద్దు. టాటా ఆల్ట్రోజ్ డీసీఏలో తడి క్లచ్ వేశారు, వేడి విషయంలో అది మెరుగైన ఆలోచన. హైవే ఎక్కువ, సిటీ తక్కువ అయితే డీసీటీ తీసుకోవచ్చు, పొడిగించిన వారంటీతో మాత్రమే.

చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లు?

ఆయిల్ శ్రద్ధ ఉన్నవాళ్లకు మాత్రమే. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దానికి ఆధారం పలుచని ఆయిల్ పొరే. గడువు కన్నా ముందే, 7,500 కిలోమీటర్లకే మార్చండి. హైవే నుంచి దిగి హోటల్ దగ్గర ఆపగానే ఇంజన్ కట్టేయకుండా ఒక నిమిషం నడవనివ్వండి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ రకాల్లో ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ గడ్డకడుతుంది. 80,000 దాటాక పికప్ తగ్గి ఐడిల్ వణుకుతుంటే ముందు దాన్నే అనుమానించాలి.

ఈ20 పెట్రోల్‌తో పాత ఇంజన్లు పోతాయా?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానితో ఇంజన్ పోదు. మైలేజీ కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా తక్కువ. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20 తట్టుకునేవే. అంతకు ముందువాటిలో ఫ్యూయల్ పైపులు, ఇంజెక్టర్ ఓ-రింగులు, పంపు సీళ్లు సర్వీస్‌లో ప్రతిసారీ చూపించండి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి బండి ఆపి ఉంచేటప్పుడు ట్యాంక్ నిండుగా ఉంచడం మంచిది. పదేళ్లు దాటిన బండిలో పెట్రోల్ వాసన వస్తే ఆలస్యం చేయకండి, పైపులు మార్చేయండి.

సీఎన్‌జీ?

కంపెనీ అమర్చినదే కొనండి. స్పార్క్ ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్ పెట్రోల్ బండి కన్నా ముందే మార్చాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి, పాతది కొంటుంటే ఆ పత్రం అడగండి. ట్యాంక్‌లో పావు వంతైనా పెట్రోల్ ఉంచి అప్పుడప్పుడు దాని మీదే నడపండి, లేకుంటే పెట్రోల్ పంపు పాడవుతుంది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బ్యాటరీ పదేళ్లు వస్తుందా?

టొయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీకీ అంతే వచ్చింది. హైబ్రిడ్ గేర్‌బాక్స్ పేరు ఇ-సీవీటీ అయినా లోపల బెల్ట్ లేదు, క్లచ్ లేదు. పళ్లచక్రాల మధ్య రెండు మోటార్లు ఉంటాయి. ఇంత మన్నిక గల ఆటోమేటిక్ ఇంకోటి లేదు. ఒక జాగ్రత్త: బ్యాటరీని చల్లబరిచే గాలి చాలా బండ్లలో వెనక సీటు దగ్గరి జాలీ నుంచి వెళ్తుంది. దాని మీద బ్యాగులు, సీటు కవర్లు అడ్డం పెట్టకండి, జాలీలోని ఫిల్టర్ సర్వీస్‌లో శుభ్రం చేయించండి. ఈవీని రోజూ 100 శాతం నింపి ఎండలో వదలడం కన్నా 80 దగ్గర ఆపడం బ్యాటరీకి మేలు, కంపెనీ వేరేగా చెప్పిన ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీకి దాని పద్ధతి పాటించండి.

మన ఎండ, ఉప్పుగాలి, వరదలు ఏం పాడుచేస్తాయి?

ఎండకు ముందు పోయేది బ్యాటరీ. రామగుండం, రెంటచింతల వేసవిలో నీడలేని చోట ఆగే బండికి మూడేళ్లు వచ్చిందంటే బాగా వచ్చినట్టే. తర్వాత రబ్బరు బుష్‌లు, వైపర్లు, డ్యాష్‌బోర్డు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మాత్రం ఏ బండికీ మంచిది కాదు. మన దగ్గర చాలా ఊళ్ల బోరు నీటిలో ఉప్పు సాంద్రత ఎక్కువ, రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా పట్టి ఇంజన్ వేడెక్కుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ కలిపి సిద్ధంగా అమ్మేదే పోయండి, రెండు రంగుల కూలెంట్లు కలపకండి.

విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో బండి అడుగు భాగం, సైలెన్సర్, ఏసీ కండెన్సర్ ముందుగా తుప్పు పడతాయి. నెలకోసారి అడుగున మంచినీటితో కడిగించండి. రంధ్రం పడిన పాత సైలెన్సర్ చూసి బండి కంపెనీని తిట్టకండి, ఉప్పుగాలి పని అది.

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వేల బండ్లు నీళ్లలో నిలిచాయి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో నీరు ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు ఇన్సూరెన్స్ తీసుకోకపోతే ఆ నష్టాన్ని మామూలు ఇన్సూరెన్స్ చెల్లించదు.

పదేళ్లలో ఏ భాగాలు ఎప్పుడు మారతాయి?

40,000 దగ్గర బ్రేక్ ప్యాడ్‌లు, టైర్లు. 60,000 వచ్చేసరికి లింక్ రాడ్‌లు, స్టెబిలైజర్ బుష్‌లు, సిటీలో తిరిగితే క్లచ్ సెట్. 80,000 నుంచి లక్ష మధ్య షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, వీల్ బేరింగులు, ఇంజన్ మౌంటింగులు. ఏసీ కూలింగ్ కాయిల్ ఆరేడేళ్లకు కారడం చాలా కంపెనీల్లో చూస్తాం, డ్యాష్‌బోర్డు అంతా విప్పాలి కాబట్టి కూలి ఎక్కువ. వీటిలో ఏదీ బండి చెడ్డదనడానికి ఆధారం కాదు, ఇవి అరిగే వస్తువులే. కంపెనీల మధ్య అసలు తేడా ఇక్కడ ధరలో కనిపిస్తుంది: మారుతి బుష్ ఒక్కటే విడిగా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, కొన్ని కంపెనీలు ఆర్మ్ మొత్తం కొనమంటాయి.

ఫోర్డ్, షెవర్లే లాంటి వెళ్లిపోయిన కంపెనీల బండి కొనవచ్చా?

షెవర్లే అమ్మకాలు 2017 చివరితో ఆగాయి, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఫిల్టర్లు, ప్యాడ్‌లు, క్లచ్ దొరుకుతున్నాయి. కష్టం హెడ్‌లైట్, బంపర్, డోర్ అద్దం, కంప్యూటర్ బాక్స్ దగ్గర. చిన్న ప్రమాదానికే బండి నెలల పాటు షెడ్డులో ఉండిపోతుంది. హైదరాబాద్‌లో పాత విడిభాగాల దుకాణాలు తిరిగే ఓపిక ఉంటే ఫోర్డ్ 1.5 డీజిల్ మాన్యువల్ గట్టి బండే. ఇంట్లో ఒకటే కారు ఉన్నవాళ్లకు సలహా ఇవ్వం.

పొడిగించిన వారంటీకి డబ్బు పెట్టాలా?

సాదా పెట్రోల్ మాన్యువల్‌కు అవసరం తక్కువ. డీసీటీ, సన్‌రూఫ్, పెద్ద తెర, బీఎస్6 డీజిల్ ఉంటే తప్పకుండా. క్లచ్, ప్యాడ్, బ్యాటరీ వంటి అరిగే వస్తువులు అందులో రావు. ఒక్క సర్వీస్ గడువు దాటినా క్లెయిమ్ తిరస్కరించవచ్చు, బిల్లులు దాచుకోండి. రీకాల్ వేరు, అది వారంటీ అయిపోయినా ఉచితమే. 2021లో మారుతి మోటార్ జనరేటర్ యూనిట్ తనిఖీకి 1,81,754 పెట్రోల్ బండ్లను వెనక్కి పిలిచింది. మీ బండి ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఏమేం చూడాలి?

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు రండి. కూలెంట్ మూత తీసి చూడండి, తుప్పు రంగు ఉంటే కూలెంట్ వేళకు మార్చలేదని, నూనె తేలితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానం. ఆయిల్ మూత లోపల తెల్లని నురగ ఉన్నా అంతే. స్టార్ట్ చేసి సైలెన్సర్ చూడండి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, డీజిల్‌లో నల్ల పొగ ఇంజెక్టర్, ఈజీఆర్ (పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) గొడవలని అర్థం.

ఏసీ పూర్తిగా పెట్టి 15 నిమిషాలు నిలబెట్టండి, ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే ఉండాలి. మూడో గేరులో 30 వేగం నుంచి గట్టిగా తొక్కండి. ఇంజన్ అరుస్తూ వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టక్ టక్ శబ్దం యాక్సిల్ జాయింట్‌ది.

వరద బండిని పట్టుకోవడానికి సీటు బెల్ట్ చివరిదాకా లాగండి, మడతల్లో బురద గీత దాగదు. స్టెప్నీ గుంట, కార్పెట్ కింద, ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చబడిన టెర్మినల్స్ చూడండి. మీటరు తిప్పడం మన మార్కెట్లో మామూలు. స్టీరింగ్, క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు అరుగుదలను మీటరుతో పోల్చండి, షోరూమ్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పి పాత సర్వీస్ కిలోమీటర్లు అడగండి.

ఢిల్లీ బండ్లు చవకగా రావడానికి కారణం అక్కడ పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ మీద పెట్టిన నిషేధం, 2025లో అది కొంత సడలింది. ఇక్కడ పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. కానీ ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. డబ్బు ఇచ్చే ముందే ఎన్‌ఓసీ చేతిలో ఉండాలి.

అమెరికాలో చదువుకు, ఉద్యోగానికి వచ్చాం. పాత కారు ఏది కొనాలి?

కొరోలా 1.8, సివిక్ 1.8, 2012–17 క్యామ్రీ 2.5. ఇవి దొరకని బడ్జెట్ అయితే సంవత్సరాలు చూసి తప్పించుకోవాల్సినవి తెలుసుకోండి. 2007–09 క్యామ్రీ 2.4 ఆయిల్ తాగుతుంది, టొయోటా అయినా. 2013–16 ఆల్టిమా సీవీటీకి నిస్సాన్ వారంటీ పొడిగించాల్సి వచ్చింది. 2012–16 ఫోర్డ్ ఫోకస్ ఆటోమేటిక్‌ది పవర్‌షిఫ్ట్ గొడవ. 2011–19 మధ్య సొనాటా, ఆప్టిమా, శాంటా ఫే, సొరెంటోలలోని థీటా 2 ఇంజన్‌కు రాడ్ బేరింగ్ సమస్య ఉంది. కోర్టు ఒప్పందం వల్ల చాలా బండ్లకు ఆ భాగం మీద జీవితకాల వారంటీ వచ్చింది, కొనేముందు విన్ (బండి గుర్తింపు) నంబర్‌తో డీలర్ దగ్గర అది వర్తిస్తుందో లేదో తేల్చుకోండి. హోండా 1.5 టర్బో చలి రాష్ట్రాల్లో చిన్న చిన్న ప్రయాణాలకు వద్దు, ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తుంది.

మిషిగన్, ఒహాయోలలో రోడ్డు మీద చల్లే ఉప్పుకు బ్రేక్ పైపులు, సబ్‌ఫ్రేమ్ తుప్పు పడతాయి, బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి చూడనిదే కొనకండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో రీకాల్స్ ఉచితంగా చూడవచ్చు. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి), రీబిల్ట్ (దాన్ని బాగుచేసినది) అని ఉంటే ఇన్సూరెన్స్‌లోనూ తిరిగి అమ్మేటప్పుడూ నష్టపోతారు. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) చూడండి. అన్నీ "సిద్ధం కాలేదు" అని వస్తే అమ్మేవాళ్లు లోపాల కోడ్‌లు ఇప్పుడే చెరిపేసి ఉండవచ్చు. ఓ వంద మైళ్లు తిరిగాక మళ్లీ చూద్దామనండి, ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.